సోమవరప్పాడు, కొవ్వలి: ఏలూరు సీమలో నటన, కష్టం, గుర్తింపు

ఏలూరు జిల్లా దెందులూరు మండలంలో సోమవరప్పాడు, కొవ్వలి అని రెండు ఊళ్లున్నాయి. రెండూ ఏలూరు పట్నానికి దగ్గరే. చుట్టూ వరి చేలు, కాలువలు, దక్షిణాన కొల్లేరు. సోమవరప్పాడులో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఎల్.వి. ప్రసాద్‌గా దేశమంతటికీ తెలిసి, సినిమా రంగంలో అన్నిటికన్నా పెద్దదైన దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. కొవ్వలిలో 1960 డిసెంబరు 2న పుట్టిన వడ్లపాటి విజయలక్ష్మి సిల్క్ స్మిత అన్న పేరుతో దక్షిణాది భాషలన్నిటిలో నటించి, 35 ఏళ్లకే మద్రాసులో కన్నుమూశారు. ఇద్దరూ చదువు పెద్దగా సాగనివారే. ఇద్దరికీ చిన్న వయసులోనే పెళ్లయింది. ఇద్దరూ ఊరు విడిచి, భాష రాని నగరంలో స్టూడియోల చుట్టూ తిరిగి, అట్టడుగు పని నుంచి మొదలుపెట్టారు. ఒకరి పేరు కంటి ఆసుపత్రి మీద, ఫిల్మ్ ల్యాబ్ మీద, తపాలా బిళ్ల మీద ఉంది. ఇంకొకరి పేరు చాలాకాలం సినిమా పోస్టర్ల మీద తప్ప మరెక్కడా కనిపించలేదు. ఈ తేడా ఒక్క రోజులో వచ్చింది కాదు. ఈ ప్రాంతం కళాకారుణ్ణి ఎలా చూసిందో, ఎవరికి పేరిచ్చిందో, ఎవరికి ఇవ్వలేదో చెప్పే పాత చరిత్ర దాని వెనక ఉంది.

పేరు దక్కడమన్నది ఇక్కడ మొదటినుంచీ దాతల సొత్తు. ఏలూరుకు ఉత్తరాన, కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలో క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచి చైత్యాన్ని, విహారాలను చెక్కారు. అక్కడి శాసనాల్లో దానం చేసినవారి పేర్లున్నాయి, చెక్కినవారి పేర్లు లేవు. ఏలూరు తివాచీల సంగతీ అంతే. ముస్లిం పాలన కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఈ విద్యను ఏలూరుకు తెచ్చారని చెబుతారు. 19వ శతాబ్దంలో ఆ ఉన్ని తివాచీలు ఇంగ్లండుకు ఎగుమతయ్యేవి. అక్కడ వాటికి ఊరి పేరు దక్కింది గాని, మగ్గం ముందు కూర్చుని ముడి మీద ముడి వేసిన మనిషి పేరు ఎవరికీ అందలేదు. కవులకు మాత్రం కొంత మినహాయింపు ఉండేది. గండపెండేరం, కనకాభిషేకం, గజారోహణం లాంటి సన్మానాలన్నీ మొదట కవులకు పుట్టినవే. అయినా ఆ మన్నన రాజు ఉన్నంతవరకే. కనకాభిషేకం పొందిన శ్రీనాథుడు చివరి రోజుల్లో కృష్ణా తీరాన కౌలు సేద్యం చేసి, వరదకు పంట పోయి, శిస్తు కట్టలేక అవమానాల పాలయ్యాడన్న కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. కళాకారుడి కష్టం గురించి తెలుగువాళ్లు చెప్పుకునే మొదటి కథ బహుశా అదే.

ఏలూరు సీమలో రాజుల స్థానంలోకి వరి పంట వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక గోదావరి కాలువ, కృష్ణా కాలువ రెండూ ఏలూరుకు చేరాయి. కరువుకు, వరదకు అలవాటుపడ్డ డెల్టా ఊళ్లలో మిగులు ధాన్యం కనిపించింది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలు ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా వెళ్లేది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక ఏలూరు జిల్లా కేంద్రమైంది. పంట చేతికొచ్చాక, సంక్రాంతికి, శివరాత్రికి, ద్వారకా తిరుమల కల్యాణానికి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు నాటకమో హరికథో తోలుబొమ్మలాటో ఉండి తీరాల్సిందే. నాటక సమాజాలు కాలువల మీద పడవల్లో, రైళ్లలో హార్మోనియం పెట్టెలు మోసుకుని ఊరూరా తిరిగేవి.

పద్యనాటకం ప్రేక్షకుడికి ఓ విచిత్రమైన అధికారం ఇచ్చింది. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవారు. నటుడు కథ ఆపి, అదే పద్యాన్ని మళ్లీ ఎత్తుకునేవాడు. గొంతు బాగున్న కృష్ణుడు తెల్లవారేసరికి ఒకే పద్యాన్ని మూడు నాలుగు సార్లు పాడాల్సి వచ్చేది. గుర్తింపు అంటే అక్కడ ఆ రాత్రి ఆ జనం ఇచ్చేదే. దాంతో పాటు చదివింపులు ఉండేవి. ఊరి పెద్ద ఎవరో నటుడికి పది రూపాయలో నూటపదహార్లో ఇస్తే, నాటకం మధ్యలో వేదిక మీద నుంచి ఆ ఇచ్చినాయన పేరు చదివేవారు. గుంటుపల్లి శాసనంలో ఉన్న పద్ధతే ఇది. ఇచ్చినవాడి పేరు నలుగురికీ వినపడుతుంది. పుచ్చుకున్న నటుడు దణ్ణం పెట్టి మళ్లీ పాత్రలోకి వెళ్లిపోతాడు. గొంతు పోయాక ఆ నటుడు ఎలా బతికాడో చదివి వినిపించే ఏర్పాటు ఎక్కడా లేదు.

ఆడవాళ్ల విషయంలో మన్నన ఇంకో దారి పట్టింది. గోదావరి డెల్టాలో ఆటపాటలు, అభినయం తరతరాలుగా కలావంతుల కుటుంబాల స్త్రీల విద్య. పెళ్లిళ్లలో, దేవుడి ఉత్సవాల్లో వాళ్ల మేళం లేకపోతే పరువు తక్కువ. 19వ శతాబ్దం చివర రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం భోగం మేళాలకు వ్యతిరేకంగా గట్టిగా ఉద్యమించారు. ఆడపిల్లలను దేవుడి పేరుతో అంకితమిచ్చి దోపిడీ చేసే ఆచారాన్ని ఆపాలన్న ఆయనలాంటి సంస్కర్తల తపన న్యాయమైనది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిరోధ చట్టం చేసింది. కాని ఆచారంతో పాటు ఆ విద్యకున్న గౌరవం కూడా పోయింది. వందల ఏళ్లు అభినయాన్ని కాపాడిన స్త్రీలు ఒక్క తరంలో చెప్పుకోలేని మనుషులయ్యారు. నాటకాల్లో చాలాచోట్ల ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. వేషం కట్టిన మగవాడికి మెచ్చుకోలు, వేషం కట్టిన ఆడదానికి అనుమానం దక్కడం అలవాటైంది. సురభి నాటక కుటుంబాలు ఇందుకు మినహాయింపు. అక్కడ తల్లి, కూతురు, కోడలు అందరూ వేదిక ఎక్కేవారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసిన కమలాబాయి ఆ సురభి నుంచే వచ్చారు.

ఎల్.వి. ప్రసాద్ పెరిగింది ఈ నాటకాల గాలిలోనే. సోమవరప్పాడులో అక్కినేని శ్రీరాములు, బసవమ్మ దంపతుల కొడుకు. గారాబంగా పెరిగాడు. బళ్లో పాఠాల కన్నా ఊళ్లోకొచ్చే నాటకాల మేళాలు, ఏలూరు డేరాల్లో చూపించే మూకీ బొమ్మలు అతణ్ణి పట్టుకున్నాయి. పదిహేడేళ్లకు మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్లయింది. అప్పటికే తండ్రి అప్పుల్లో కూరుకుపోయారు. చివరికి ఐ.పి. (దివాలా పిటిషను) పెట్టక తప్పలేదు. పల్లెటూరి రైతు కుటుంబంలో ఐ.పి. అంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు, నలుగురిలో తలెత్తుకోలేకపోవడం. ఆ అవమానంలో, ఎవరికీ చెప్పకుండా, వంద రూపాయలు జేబులో పెట్టుకుని ఆ యువకుడు బొంబాయి వెళ్లిపోయాడు.

బొంబాయిలో ఆయనకు ఎవరూ లేరు, హిందీ రాదు. స్టూడియోల్లో చిల్లర పనులు చేశారు. ఆ పొడుగు పేరు పలకలేక అక్కడివాళ్లు ఎల్.వి. ప్రసాద్ అని కుదించారు. ఆ కుదించిన పేరే చివరిదాకా నిలిచింది. 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’లో, అదే ఏడాది హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’లో, 1932 ఫిబ్రవరి 6న విడుదలైన ‘భక్త ప్రహ్లాద’లో చిన్న చిన్న వేషాలు వేశారు. హిందీ, తమిళం, తెలుగు మూడు భాషల టాకీ చరిత్రకూ మొదటి రోజునే హాజరైన మనిషి ఆయన. అయినా ఆ హాజరు వల్ల అప్పట్లో ఏ పేరూ రాలేదు. తర్వాత దాదాపు పదిహేనేళ్లు సహాయకుడిగా, చిన్న నటుడిగా, నాటకాల్లో, స్టూడియోల్లో గడిపారు. 1946లో ‘గృహప్రవేశం’తో దర్శకుడయ్యారు, కథానాయకుడి వేషం కూడా ఆయనదే. 1949లో ‘మనదేశం’, 1950లో ‘షావుకారు’, 1952లో ‘పెళ్ళిచేసి చూడు’, 1955లో ‘మిస్సమ్మ’ వచ్చాయి. మధ్యతరగతి ఇంటి సందడిని, చిన్న పట్నం మనుషుల మాటల చమత్కారాన్ని తెర మీద అంత సహజంగా నిలిపిన దర్శకులు తెలుగులో తక్కువ. ఆ సహజత్వం బొంబాయి స్టూడియోల్లో నేర్చినది కాదు. ఏలూరు చుట్టుపక్కల ఇళ్లలో చూసినది.

ఆ తర్వాత మన్ననలు వరసగా వచ్చాయి. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఏర్పాటు చేసినప్పుడు మొదటి గౌరవం ఆయనకే దక్కింది. 1982కు ఫాల్కే అవార్డు వచ్చింది. 1987లో హైదరాబాదులో మొదలైన కంటి ఆసుపత్రికి భూమి, ధనం ఇచ్చారు, దానికి ఆయన పేరు పెట్టారు. 1994 జూన్ 22న చనిపోయాక 2006లో తపాలా బిళ్ల వచ్చింది. ఆయన జీవితం గురించి రాసే ప్రతి వ్యాసం తండ్రి ఐ.పి.తో, వంద రూపాయలతో మొదలవుతుంది. గెలిచాక వెనక్కి తిరిగి చూస్తే కష్టం కూడా అందంగా కనిపిస్తుంది గనుక అలా రాస్తారు. కాని కష్టం ఆయనను దర్శకుణ్ణి చేయలేదు. ఐ.పి. పెట్టిన రైతుల కొడుకులు ఆ రోజుల్లో కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆయనను దర్శకుణ్ణి చేసినవి పని నేర్చుకునేందుకు దొరికిన ఆ పదిహేనేళ్లు, అంతకాలం ఓపిక పట్టిన భార్య, పిల్లలు, ఇంకా మళ్లీ మళ్లీ పిలిచి పని ఇచ్చిన మనుషులు.

‘మనదేశం’ సినిమాలో కొత్తగా పరిచయమైన నందమూరి తారక రామారావుతో పాటు ఇంకో నటుడున్నారు. సామర్ల వెంకట రంగారావు 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. నూజివీడు అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులోకి వచ్చింది. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలు వేసి, ఫైర్ ఆఫీసరుగా ఉద్యోగం చేసి, ‘వరూధిని’లో ప్రవరుడి వేషంతో సినిమాకు వచ్చారు. ఆ సినిమా ఆడలేదు. రంగారావు జంషెడ్‌పూర్ వెళ్లి ఉద్యోగంలో చేరిపోయారు. ‘పాతాళభైరవి’ (1951) నేపాళ మాంత్రికుడు అక్కడి ఆఫీసు బల్ల దగ్గరే ఆగిపోయి ఉంటే తెలుగు సినిమా ఎంత పోగొట్టుకునేదో ఊహించడం కష్టం.

రంగారావు ప్రతిభ మీద ఆయన జీవించి ఉండగానే రెండో మాట లేదు. 1963 నాటి ‘నర్తనశాల’లో కీచకుడి వేషానికి ఇండోనేషియాలోని జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. స్వయంగా దర్శకత్వం వహించిన ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ నంది అవార్డులు పొందాయి. కాని పద్మ పురస్కారం ఏదీ ఆయన ఇంటికి రాలేదు. 1974 జులై 18న, 56 ఏళ్ల వయసులో గుండెపోటుతో చనిపోయారు. దేశం ఆయన పేరు మీద తపాలా బిళ్ల వేసింది 2013లో. విదేశంలో దక్కిన మన్నన ఢిల్లీలో ఎందుకు దక్కలేదన్న ప్రశ్న ఆయన అభిమానులు ఇప్పటికీ అడుగుతారు. ఒక కారణం తేలికగానే కనిపిస్తుంది. సహాయ పాత్రలు, ప్రతినాయక పాత్రలు ఎంత గొప్పగా వేసినా ఆ రోజుల్లో పురస్కారాల చూపు కథానాయకుడి దగ్గరే ఆగిపోయేది. రఘుపతి వెంకయ్య అవార్డు లాంటి జీవితకాల గౌరవాలు ఏర్పడేసరికి ఆయన లేరు. గౌరవం అందుకోవాలంటే ప్రతిభతో పాటు ఆయుష్షు కూడా ఉండాల్సి వచ్చింది.

ఈ విషయంలో హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య అదృష్టవంతులు. ఆయన 1910లో రావులపాలెం దగ్గర రావులపాడులో పుట్టారు. తండ్రి రామస్వామి హరికథలు, సంగీతం నేర్పేవారు. చిన్నప్పుడే తల్లి పోయింది. కాకినాడలో పెరిగి, అదే హ్యాపీ క్లబ్బు నాటకాల్లో స్త్రీ పాత్రలు సహా రకరకాల వేషాలు వేశారు. 1935లో సి. పుల్లయ్య తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కారు. ఆ తర్వాత పదమూడు పద్నాలుగేళ్లు ఆయనకు చెప్పుకోదగ్గ వేషం లేదు. పుల్లయ్య దగ్గరే ఉండి నటులను వెతికి తేవడం, నిర్మాణం పనులు చూడడం, అవసరమైతే చిన్న వేషం వేయడం, ఇలా అన్నీ చేశారు. 1949లో ‘గుణసుందరి కథ’ వచ్చాక పరిస్థితి మారింది. ‘పాతాళభైరవి’లో రాజుగారి బావమరిదిగా, ‘మిస్సమ్మ’లో దేవయ్యగా, ‘మాయాబజార్’ (1957)లో లక్ష్మణ కుమారుడిగా జనం నోళ్లలో నిలిచారు. ‘గుణసుందరి కథ’లో కథానాయకుడి పాత్ర వేసి ఆ రోజుల్లో రేలంగి కన్నా పెద్ద పేరు సంపాదించిన కస్తూరి శివరావు ఆ వైభవమంతా పోగొట్టుకుని పేదరికంలో చనిపోయారు. ఒకే సినిమాలో నవ్వించిన ఇద్దరి జీవితాలు ఇంత దూరం వెళ్లాయి.

రేలంగి డబ్బును కాపాడుకోగలిగారు. తాడేపల్లిగూడెంలో తన పేరుతో సినిమా హాలు కట్టించారు. సినిమా నటుడు మద్రాసులో సంపాదించి మద్రాసులోనే పోగొట్టుకోవడం మామూలైన కాలంలో, సంపాదన గోదావరి జిల్లా పట్నానికి తెచ్చి స్థిరాస్తిగా మార్చడం చిన్న విషయం కాదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. అల్లు రామలింగయ్యకు అది రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. చివరి సంవత్సరాల్లో నడుము నొప్పి బాగా వేధించింది, వేషాలు తగ్గాయి. 1975 నవంబరులో తాడేపల్లిగూడెంలోనే కన్నుమూశారు. మనుషులను నవ్వించడానికి ఒళ్లు ఎలా హూనమవుతుందో తెర మీద చూసేవారికి తెలియదు. పడడం, దొర్లడం, వంగడం, మళ్లీ మళ్లీ టేకులు తీయడం, ఇదంతా శరీరశ్రమ. ఆ శ్రమకు కూడా పద్మశ్రీలో వాటా ఉందనుకోవాలి.

రేలంగితో జంట కట్టి పదుల సినిమాల్లో నవ్వించిన గిరిజకు ఏ పద్మమూ రాలేదు. రేలంగి, గిరిజ జంట ఉంటే సినిమా గట్టెక్కుతుందని పంపిణీదారులు నమ్మిన రోజులున్నాయి. ఆమె చివరి రోజులు ఇబ్బందుల్లో గడిచాయి. హాస్యం ఇద్దరి మధ్య పుడుతుంది. దాని లెక్క మాత్రం మగవాడి ఖాతాలోనే రాశారు.

కొవ్వలి విజయలక్ష్మి కథ ఈ ఖాతాల చరిత్రలోదే. పేద కుటుంబం. నాలుగో తరగతితో చదువు ఆగింది. పదిహేనేళ్లు నిండకముందే పెళ్లి చేశారు. ఆ కాపురంలో సుఖం లేదు. బంధువు ఒకావిడతో కలిసి మద్రాసు చేరి, నటీమణులకు మేకప్ సహాయకురాలిగా, షాట్ల మధ్య ముఖం తుడిచి రంగు సరిచేసే పనితో మొదలుపెట్టారు. 1980లో వచ్చిన తమిళ సినిమా ‘వండిచక్కరం’లో వేసిన పాత్ర పేరు సిల్క్. ఆ పేరే అంటుకుంది. ప్రసాద్‌కు స్టూడియోవాళ్లు పేరు కుదించి ఇచ్చారు. ఈమెకు పాత్ర పేరునే ఇంటిపేరు చేశారు. ఆ సినిమా కథ అందించిన వినుచక్రవర్తి ఆమెను తెరకు తెచ్చినవారు. ఆయన భార్య ఆమెకు ఇంగ్లీషు నేర్పారు.

తర్వాతి పదిహేనేళ్లలో తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం, హిందీ భాషల్లో 450కి పైగా సినిమాల్లో నటించారు. అందులో ఎక్కువ భాగం ఒక్క పాట కోసం పిలిచిన వేషాలే. అమ్ముడుపోకుండా డబ్బాల్లో మూలుగుతున్న సినిమాలకు ఆమె పాట ఒకటి తీసి చేరిస్తే పంపిణీదారులు ముందుకొచ్చేవారు. బి, సి సెంటర్ల హాళ్లలో, ఏలూరు, తాడేపల్లిగూడెం లాంటి పట్నాల్లో పోస్టరు మీద ఆమె బొమ్మ ఉంటే టిక్కెట్లు తెగేవి. సినిమా వ్యాపారంలో ఇంతకంటే స్పష్టమైన విలువ కట్టడం ఉండదు. ఆ విలువకు గౌరవం మాత్రం తోడు కాలేదు.

ఆమెకు నటన రాదని ఎవరైనా అంటే అది తప్పు. 1981లో భారతీరాజా తమిళంలో తీసిన ‘అలైగళ్ ఓయ్‌వదిల్లై’, తెలుగులో తీసిన ‘సీతాకోకచిలుక’ రెండింటిలోనూ ఆమెది నృత్యం లేని పాత్ర, ఇంట్లో నలిగిపోయే భార్య పాత్ర. ఆ పాత్రలో ఆమె కళ్లతో చేసిన పని చూసినవారు మరిచిపోరు. 1982లో బాలు మహేంద్ర ‘మూన్రాం పిరై’లో వయసు మీరిన హెడ్‌మాస్టరు పడుచు భార్యగా వేశారు. ఆ స్త్రీ కోరికను హేళన చేయకుండా చూపించడం తేలిక కాదు. ఆ సినిమాకు కమల్ హాసన్ ఉత్తమ నటుడిగా, బాలు మహేంద్ర ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ అవార్డులు అందుకున్నారు. అదే పాత్రను స్మిత 1983లో హిందీ ‘సద్మా’లో మళ్లీ వేశారు. విమర్శకుల రాతల్లో ఆమె పాత్ర ప్రస్తావన వచ్చినప్పుడు అది వ్యాపారం కోసం చేర్చిందన్నట్టే వచ్చింది.

ఆ రోజుల్లో ఆమె మీద వచ్చిన వార్తలు ఎక్కువగా ఆమె పొగరు గురించి. షూటింగులో కాలు మీద కాలు వేసుకుని కూర్చుందన్నది కూడా పత్రికల్లో వార్తయింది. ఇదే పని పెద్ద హీరో చేస్తే ఎవరికీ పట్టదు. ఆమె సొంతంగా సినిమా నిర్మాణానికి దిగి నష్టపోయారు. తెర మీద తన పేరుతో డబ్బు చేసుకున్న వ్యాపారంలో ఆమె తానూ యజమాని కావాలనుకున్నారు. అది తప్పు కాదు. ప్రసాద్, రేలంగి చేసిందీ అదే. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో తన ఇంట్లో చనిపోయి కనిపించారు.

పదిహేనేళ్ల తర్వాత, 2011లో ఆమె జీవితాన్ని ఆధారం చేసుకున్నదిగా పేరుపడ్డ హిందీ సినిమా ‘ది డర్టీ పిక్చర్’ వచ్చింది. ఆ పాత్ర వేసిన విద్యా బాలన్‌కు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు దక్కింది. స్మిత పాత్ర వేసిన నటికి దేశం ఇచ్చిన ఆ బహుమతి స్మితకు ఎన్నడూ రాలేదు. విద్యా బాలన్ ప్రతిభకు ఇందులో ఏ లోటూ లేదు. కాని ఆ సినిమా తర్వాత స్మిత బాధ గురించి జనం మాట్లాడినంతగా ఆమె నటన గురించి మాట్లాడలేదు. బాధ తెలిస్తే గౌరవం వస్తుందనుకోవడం పొరపాటు. జాలి వస్తుంది. జాలి మనిషిని చిన్నది చేస్తుంది, ఆమె పనిని చూడనివ్వదు.

కష్టపడ్డవాడే కళాకారుడు అవుతాడన్న మాట తెలుగు పత్రికల్లో, సన్మాన సభల్లో తరచూ వినిపిస్తుంది. ఏలూరు సీమ చరిత్ర ఆ మాటను సమర్థించదు. ప్రసాద్, రంగారావు, రేలంగి, గిరిజ, స్మిత అందరూ ఏదో ఒక రకంగా కష్టాలు పడ్డవారే. కష్టం వారికి కొత్తగా ఏమీ ఇవ్వలేదు, వారి దగ్గరున్న కాలాన్ని, ఒంటిని తినేసింది. తేడా ఇంకోచోట ఉంది. ప్రసాద్ దర్శకుడయ్యారు, నిర్మాతయ్యారు, స్టూడియో, ల్యాబ్ కట్టారు. పని ఇచ్చే స్థానానికి వెళ్లారు. రేలంగి హాలు కట్టారు. సంస్థ ఉన్నవాడి పేరు ఆ సంస్థ గోడ మీద నిలుస్తుంది, గుంటుపల్లి దాత పేరు రాతి మీద నిలిచినట్టే. రంగారావుకు సంస్థ లేదు, అయినా ఆయన వేసిన పాత్రలకు పురాణం అండగా ఉంది. కీచకుడు, హిరణ్యకశిపుడు చెడ్డవాళ్లయినా పెద్దవాళ్లు. స్మిత వేసినవి ఎక్కువగా పేరు లేని పాత్రలు. బారులో నర్తకి, పరాయి ఆడది, కోరిక దాచుకోని భార్య. భోగం మేళం మీద వందేళ్ల కింద పడ్డ మచ్చ ఆ పాత్రల మీద అలాగే ఉండిపోయింది. సంస్కర్తలు మాన్పించాలనుకున్న దోపిడీ సినిమా హాళ్లలో కొత్త రూపంలో మళ్లీ మొదలైతే, దానికి బలైన స్త్రీనే తప్పుపట్టారు.

పేరు దక్కని వాళ్ల లెక్క సినిమాతో తీరదు. ఏలూరు వై.ఎం.హెచ్.ఎ. హాలులో, చుట్టుపక్కల పరిషత్తు నాటకాల్లో ఏళ్ల తరబడి పద్యాలు పాడినవారు, హార్మోనిస్టులు, మేకప్‌వాళ్లు, ఆడవేషాలు వేసిన తొలితరం స్త్రీలు చాలామంది పేరు లేకుండానే వెళ్లిపోయారు. వృద్ధ కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే పింఛను ఉంది. అది బతకడానికి కొంత సాయం. చరిత్రలో చోటు మాత్రం పింఛనుతో రాదు. ఎవరు ఏ వేషం వేశారో, ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఆడారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇప్పటికైనా రాసి పెట్టాలి. ఆ నాటకాలు చూసిన ముసలివాళ్లు తాడేపల్లిగూడెం, నిడమర్రు, కైకలూరు, ఏలూరు వీధుల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకోవాల్సిన పని జిల్లా గ్రంథాలయాలది, కళాశాలల్లోని తెలుగు శాఖలది, నాటక పరిషత్తులది. 2022లో ఏర్పడ్డ ఏలూరు జిల్లాకు కళల చరిత్ర రాసేవారు సోమవరప్పాడు పక్కన కొవ్వలి పేరు కూడా రాయాలి. వడ్లపాటి విజయలక్ష్మి అని ఆమె అసలు పేరుతో, నటి అని ఆమె చేసిన పనితో రాయాలి.